నొప్పి యెఱుగని దేహము : ఇటలీ తొలి మూకచిత్రములు, బొమ్మల కథలు

ఇటలీ దేశమున 1909 మొదలు మొదటి ప్రపంచయుద్ధము వఱకు వెలువడిన మూకహాస్యచిత్రములకు పత్రికలలోని బొమ్మల కథలే మూలమని చెప్పుట కొందఱికి వాడుక. వినుటకు ఈ మాట యుక్తముగనే యుండును. రెండింటను పాత్ర యొక్కడే. వాడే మాటిమాటికి వచ్చును. వచ్చినప్పుడెల్ల ఏదో యొకటి పగులగొట్టును, పడును, తన్నులు తినును. ఏమియు జరుగనివానివలె మరల వచ్చును. అయినను పోలిక వేఱు, ప్రభావము వేఱు. ఒక కావ్యమున మఱియొక కావ్యపు ఛాయ కనబడినంతనే అనుకరణమని తీర్పు చెప్పుటవలన మన సాహిత్యపరిశోధనలో కలిగిన చిక్కులు ఈ పత్రికను చదువువారికి క్రొత్తవి కావు. ఆ చిక్కే ఇచ్చటను కలదు. బొమ్మల కథనుండి చలనచిత్రము నిజముగ గ్రహించినదేమి? గ్రహింపక తనంతట తానే చేరుకొన్నదేమి? ఈ రెండింటిని వేఱుపఱుపనిదే ఆ హాస్యస్వరూపము తెలియదు.

మొదట కాలమును చూతము. మిలాన్ నగరపు దినపత్రికయైన కొరియెరె దెల్లా సెరా తనకు బాలానుబంధముగ కొరియెరె దెయ్ పిక్కొలి యను వారపత్రికను 1908 డిసెంబరు 27వ తేదీన ఆరంభించెను. ఇటలీలో బొమ్మల కథ స్థిరపడినది ఈ పత్రికయందే. టూరిన్ నగరమందలి ఇతాలా ఫిల్మ్ సంస్థ అధిపతులలో ఒకడైన జొవాన్ని పస్త్రోనె, ఫ్రాన్సునుండి ఆంద్రే డీడ్ అను నటుని రప్పించి, క్రెతినెత్తి యను పేరుతో హాస్యచిత్రములు తీయింప మొదలిడినది 1909 ఆరంభమున. నడుమ గడచినవి కొన్ని వారములు మాత్రమే. అంతేకాదు, టూరిన్ చేరకముందే డీడ్ పారిస్‌లో పాథే సంస్థవారి చిత్రములలో బువారో యను పేర ఇట్టి పాత్రనే ధరించియుండెను, అంతకుముందు మెలియే చిత్రములలో నటించి, కెమెరాను నిలిపి వస్తువును మార్చి మరల త్రిప్పు మాయను కన్నులార చూచియుండెను. కనుక పత్రిక క్రెతినెత్తిని కన్నదనుట పొసగదు.

తక్కినవారి మాటయు నిట్టిదే. రోమ్‌నగరపు చినెస్ సంస్థలో తొంతొలీనిగను, 1912 నుండి టూరిన్‌లో పస్క్వాలి సంస్థవారి పోలిదోర్‌గను ప్రసిద్ధుడైన ఫెర్దినాందో గిల్యోమ్ సర్కస్ కుటుంబమున పుట్టినవాడు. అంబ్రోసియో సంస్థవారి రొబినేగా నటించిన మార్సెల్ ఫాబ్ర్ స్పెయిన్ దేశీయుడు. అతడును సర్కస్ విదూషకుడే. వీరి దేహములు పడుట నేర్చినది కాగితముపై గాదు, గుడారములోని రంపపుపొట్టుపైన.

అట్లని బొమ్మల కథకును చలనచిత్రమునకును ఋణమే లేదని గాదు. ఋజువు గల ఋణములు కొన్ని కలవు. లూమియేర్ సోదరులు 1895లో చూపిన తోటమాలి చిత్రము తెలియనివారు అరుదు. బాలుడొకడు నీటిగొట్టముపై కాలు మోపును. నీరు ఆగినదేమని మాలి గొట్టములోనికి తొంగిచూచును. బాలుడు కాలు తీయును. ఈ కథను హెర్మన్ వొగెల్ అను చిత్రకారుడు 1887లోనే వరుసబొమ్మలుగా గీసి ప్రకటించియుండెను. చలనచిత్రమున గమనింపదగిన విశేష మొకటి కలదు. మాలి ఆ బాలుని వెంటాడి పట్టుకొని, తిరిగి కెమెరా యెదుటికి ఈడ్చుకొనివచ్చి, అచ్చట కొట్టును. పట్టుకొన్నచోటనే కొట్టవచ్చును గదా! బొమ్మ చుట్టును గీసిన గడి యిచ్చట కంటికి కనబడకయే పనిచేయుచున్నది. అమెరికాలో ఋణము మఱింత బహిరంగము. ఓపర్ గీసిన హాపీ హూలిగన్‌ను బ్లాక్టన్ 1900 ప్రాంతముననే తెరపైకి తెచ్చెను, బస్టర్ బ్రౌన్‌ను పోర్టర్ 1904లో తెచ్చెను.

ఇటలీలో అట్టి ఋజువైన ఋణమునకు గొప్ప యుదాహరణము అంబ్రోసియో సంస్థ 1913లో నిర్మించిన సతుర్నీనో ఫరందోలా సాహసముల చిత్రము. మార్సెల్ ఫాబ్రే ఇందు నాయకుడు. దీనికి మూలము ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు అల్బేర్ రొబిదా స్వయముగ వ్రాసి బొమ్మలు గీసి 1879లో వెలువరించిన గ్రంథము. జూల్ వెర్న్ యాత్రాకథలపై వెక్కిరింత. కోతులు పెంచిన బాలుడు పెరిగి పెద్దవాడై లోకమెల్ల తిరుగును. ఆకాశమున బెలూనులపై యుద్ధము చేయును. రొబిదా గీసిన వింతలను అట్టలపైనను గుడ్డలపైనను చిత్రించి కదలించుటకు నిర్మాతలు పడిన శ్రమ ప్రశంసనీయము. కాని నా యభిప్రాయమున, ఋణము స్పష్టముగ గల ఈ చిత్రముననే బొమ్మల కథల హాస్యము తక్కువ. ఇది బొమ్మలను తీసికొన్నది. బొమ్మల లోకమున చెల్లు న్యాయమును తీసికొనలేదు. ఆకాశయుద్ధమును చూచి మనము అబ్బురపడుదుము, నవ్వము.

అదే ఫాబ్ర్ 1914లో తీసిన ఆమోర్ పెదెస్త్రె యను చిన్న చిత్రమును దీని ప్రక్కన నిలిపి చూడవలెను. పాదముల ప్రేమ యని పేరునకు తాత్పర్యము. ఒక పురుషుడు ఒక వివాహితను వెంబడించుట, సంకేతస్థలము, భర్త యసూయ, ద్వంద్వయుద్ధము, తుదకు శయ్యాగృహము — కథయంతయు మోకాళ్లకు దిగువ భాగమును మాత్రమే చూపుచు నడిపినారు. ముఖ మొక్కటియు కనబడదు. బూటు తటపటాయించును, మడమ కోపించును, వ్రేళ్లు సిగ్గుపడును. కాళ్లకు బుద్ధి చెప్పెనని మనము పరుగెత్తినవానిని గూర్చి యందుము. ఇచ్చట కాళ్లకు బుద్ధి మాత్రమే గాక మనసును కలదు. దీనికి మూలమైన బొమ్మల కథ యేదియు నాకు కనబడలేదు. అయినను గడిని బిగించి, అందు పట్టినదే లోకమని ఒప్పించు ధైర్యము బొమ్మల కథదే. ఋణము లేనిచోట బంధుత్వము ఎక్కువగను, ఋణము గలచోట తక్కువగను ఉండుట విచిత్రము. పరిశోధకుడు మూలములకొఱకు మాత్రమే వెదకినచో ఫరందోలా దొరకును, ఆమోర్ పెదెస్త్రె జాఱిపోవును.

ఇక బొమ్మల లోకమున చెల్లు న్యాయ మెట్టిదో విచారింతము. ఈ హాస్యమును ఆంగ్లమున స్లాప్‌స్టిక్ అందురు. ఇటలీ దేశపు ప్రాచీన ప్రహసనములలో అర్లెక్కీనో యను సేవకుడు చేతబట్టు చప్పుడుకఱ్ఱయే ఆ మాటకు మూలము. రెండు పలుచని చెక్కలను ఒకచోట బిగించినది. దానితో కొట్టిన చప్పుడు పెద్దది, దెబ్బ చిన్నది. చూపఱులకు చెవి దెబ్బను చెప్పును, కన్ను దానిని కాదనును. హాస్యము ఆ రెంటి నడుమ పుట్టును. మూకచిత్రమునకు ఈ సాధనము లేదు. బొమ్మల కథకును లేదు. చప్పుడు పోయినప్పుడు దెబ్బ పెద్దదని చూపుటకు మార్గము ఒక్కటే — కంటికి కనబడు నష్టమును పెంచుట. అందువలననే ఈ చిత్రములలో గోడలు కూలును, పింగాణి అంతస్తులకు అంతస్తులు దొరలును, మనుష్యుడు గోడకు తన యాకారముననే కన్నము చేసికొని పోవును. రెండు కళలును ఒకదానినొకటి చూచి నేర్చినవని చెప్పనక్కఱలేదు. ఒకే లోపము రెండింటిని ఒకే త్రోవను నడిపినది.

కొరియెరె దెయ్ పిక్కొలి మొదటి సంచికనుండియే అత్తీలియో ముస్సీనో గీసిన బిల్బొల్బుల్ అను కథ కలదు. బిల్బొల్బుల్ ఆఫ్రికా బాలుడు. వానికి ఏ భావము కలిగినను దేహము దానిని అక్షరాల నెఱవేర్చును. భాషలో పలుకుబడిగా నున్నది వానియందు జరుగును. రంగు మారును, అవయవములు సాగును, తెగును, అతుకుకొనును. మన యాలంకారికుల పరిభాషలో చెప్పవలసినచో ఇచ్చట లక్షణ రద్దయి అభిధ రాజ్యము చేయుచున్నది. గంగలో పల్లె యున్నదనినప్పుడు ప్రవాహమున పల్లె యుండుట పొసగదు గావున ముఖ్యార్థమునకు బాధ కలిగి, గట్టున నున్నదని గ్రహింతుము. ముస్సీనో ముఖ్యార్థబాధను అంగీకరింపడు. అతని కిచ్చినచో ప్రవాహమున తేలు గుడిసెలను, వానిలో పాలు పితుకు గొల్లలను గీయును. సిగ్గుతో చచ్చితినని మన మందుము, చావము. కడుపు చెక్కలగునట్లు నవ్వితిమందుము, కడుపు నిలిచియే యుండును. ఇటలీవారు మిక్కిలి శ్రమపడుటను తన్ను తాను నాలుగు చేసికొనుట యందురు. మృతమైన యిట్టి పలుకుబడులకు ప్రాణము పోసి దేహముపైకి వదలుటయే ఆ హాస్యము.

క్రెతినెత్తి చిత్రములలో 1909 నాటి ‘క్రెతినెత్తి ఎంత అందగాడు’ అను నర్థముగల చిన్న చిత్రమును ఈ దృష్టితో చూడదగును. క్రెతినెత్తి పెండ్లివిందునకు పిలుపు రాగా చక్కగ అలంకరించుకొని బయలుదేరును. చూచిన స్త్రీలెల్ల మోహించి వెంబడింతురు. వాడు పరుగెత్తును, వారును పరుగెత్తుదురు, తుదకు పట్టుకొని, నాకు నాకని లాగి, వానిని ముక్కలు ముక్కలు చేయుదురు. ప్రేమకై పెనగులాట యన్నది ఇచ్చట అభిధ. స్త్రీలు భయపడి పాఱిపోయిన పిదప కాలు, చేయి, తల ఒక్కొక్కటి కదలి, తమ చోట్లకు చేరి, క్రెతినెత్తి లేచి నిలుచును.

భరతుడు హాస్యమునకు చెప్పిన విభావములలో వికృతవేషముతోపాటు వ్యంగదర్శనము కలదు. అంగలోపమును చూచుట యని యర్థము. వ్యంగ్యముతో దీనికి పని లేదు. కాని తెగిన యవయవములు సాధారణముగ బీభత్సమునకు విషయములు. వధబంధాదులు కరుణకు విభావములు. ఇన్ని ముక్కలను చూచియు ప్రేక్షకుడు ఏ రసమునకును జాఱక నవ్వుటకు కారణమేమి? తిరిగి యతుకుకొనుట కారణమని వెంటనే తోచును. అది చాలదు, అతుకుకొనుటకు ముందే మనము నవ్వుచున్నాము. ముక్కలైన క్షణమున ముఖమున నొప్పి కనబడకపోవుటయే కారణమని నేను తలచుచున్నాను. ఆశ్చర్యము కలదు, విసుగు కలదు, నొప్పి లేదు. చప్పుడుకఱ్ఱ చేసిన పనిని ఇచ్చట నటుని ముఖము చేయుచున్నది. నష్టమును దేహము చెప్పును, ముఖము దానిని కాదనును. ఈ మర్మమును డీడ్ సర్కస్ వారికంటెను బాగుగ నెఱిగినవాడు. పోలిదోర్ దెబ్బ తగిలినప్పుడు కొంచెము దిగులుపడును. ఆ దిగులు మధురమే, కాని అది హాస్యమును కరుణవైపు ఒక యడుగు నడిపించును.

బొమ్మల కథకును ఈ చిత్రములకును గల ముఖ్యభేదము ఇచ్చటనే కలదు. అమెరికా కథలను ఇటలీ పత్రిక దిగుమతి చేసికొన్నప్పుడు పాత్రల నోటినుండి వెలువడు మాటల బుడగలను తొలగించి, బొమ్మ క్రింద ఎనిమిదేసి యక్షరముల పాదములతో అంత్యప్రాసల ద్విపాదులను చేర్చిరి. పేర్లును మార్చిరి, హాపీ హూలిగన్ ఫోర్తునెల్లో ఆయెను, బస్టర్ బ్రౌన్ మిమ్మో ఆయెను. (క్రెతినెత్తి పేరును ఇట్లే దేశమునకొకటిగ మాఱినది, ఇంగ్లండులో ఫూల్స్‌హెడ్, ఫ్రాన్సులో గ్రిబూయ్. మాటలేని దేహమునకు సుంకము లేదు కాబోలు.) మాటలు పాత్ర నోటనుండి పోయి క్రింది పద్యమునకు చేరుటచే బొమ్మ మూగదైనది. ఒక పెద్ద కంఠము, ఉపాధ్యాయునిదో తాతదో, జరిగినదానిని లయబద్ధముగ వివరించుచుండును. ఎంత విధ్వంసము జరిగినను పద్యము తప్పటడుగు వేయదు. బాలునికి ఆ లయయే అభయము.

అంతోనియో రుబీనో 1910లో ఆరంభించిన క్వద్రతీనో దీనికి చక్కని సాక్ష్యము. క్వద్రతీనో తల చతురస్రము. అల్లరి చేసినపుడెల్ల దెబ్బ తగిలి ఆ యాకారము చెడును. వాని కుటుంబమున అందఱివి గణితశాస్త్రపు పేర్లే; పెద్దలు కొలతలు వేసి తలను మరల చతురస్రము చేయుదురు. అల్లరి, వికారము, సవరణ — ఇది కథాక్రమము. సవరణ చేయువారు పెద్దలు. నవ్వు వెనుక బడి యున్నది.

క్రెతినెత్తికి ఆ పద్యము లేదు, ఆ యమ్మమ్మ లేదు. వానిని సవరించువారు లేరు, వాడే లేచును. పైగా వాడు బాలుడు గాడు; టోపీ, కోటు, ఉద్యోగము, పెండ్లి గల పట్టణపు పెద్దమనిషి. బొమ్మల కథ బాలుని దేహమున కిచ్చిన స్వేచ్ఛను చలనచిత్రము పెద్దల దేహమున కిచ్చినది. టూరిన్ వీధులు, నిజమైన మెట్లు, నిజమైన దుకాణములు వెనుక నుండగా ఈ స్వేచ్ఛ కాగితముపై కంటె అపాయకరముగ తోచును. గీత చెఱపవచ్చును; ఇటుక చెఱపరాదు.

ఒక మాట చెప్పక విడువరానిది కలదు. పత్రికాసంపాదకులు మొదటి సంచికలో విఱిచి అతికించుటకు ఎన్నుకొన్న దేహము నల్లనిది. ఇటలీకి అప్పటికే ఆఫ్రికాలో వలసలు కలవు. మఱి మూడేండ్లకు, 1911లో, లిబియాపై యుద్ధమునకు వెడలినది. బిల్బొల్బుల్ చిత్రకారుని ప్రతిభను నేను తక్కువ చేయను. భావమునకును దేహమునకును నడుమ గోడను అంత సుళువుగ కూల్చినవారు అరుదు. కాని నొప్పి తెలియని దేహమని నవ్వునప్పుడు, ఎవరి నొప్పిని తెలియనిదిగ భావించుట ఆ పాఠకులకు సులభమైనదని ప్రశ్నింపక తప్పదు. క్రెతినెత్తి విషయమున ఈ యాక్షేపణ చెల్లదు. ముక్కలగువాడు చూపఱులవంటి వాడే. వారు తమ్ము తామే నవ్వుకొనుచున్నారు. ఈ రెండు నవ్వులను ఒక్క పేర పిలుచుట పొరపాటని నా తలంపు.

ముస్సీనో చిత్రించిన పినోకియో గ్రంథము 1911లో వెలువడినది. అదే సంవత్సరమున చినెస్ సంస్థకై జూలియో అంతమోరో దర్శకత్వమున గిల్యోమ్ నాయకుడుగ పినోకియో చలనచిత్రమును వెలువడినది. ఈ యేకకాలతను పట్టుకొని ఒకటి మఱియొకదానికి మూలమనుటకు తొందరపడరాదు. కొల్లోడి కథ అంతకు చాలయేండ్ల ముందే ఇంటింట నున్నది. కొయ్యబొమ్మకు నొప్పి లేకపోవుట సహజము గనుక హాస్యనటునికి ఇంతకంటె తగిన వేషము లేదు. గ్రంథమున లేని అమెరికా ఆదిమవాసుల ఘట్టము నొకటి చేర్చి, పినోకియోను ఫిరంగిగుండుపై నెక్కించి యింటికి పంపుట చిత్రనిర్మాతల స్వతంత్రకల్పన. ఆ గుండు కొల్లోడిది గాదు, తొంతొలీనిది.

ఇటలీ 1915 మే నెలలో యుద్ధమున ప్రవేశించినది. కొంతకాలము ఫ్రాన్సునకు మరలిపోయియున్న డీడ్ తిరిగి టూరిన్ వచ్చి ఆ సంవత్సరమే శత్రువిమానభయమును గూర్చి ఒక క్రెతినెత్తి చిత్రము తీసినాడు. పెండ్లియైన దినమున క్రెతినెత్తి విమానదాడులనుండి కాపాడుకొను జాగ్రత్తలను దెలుపు ప్రకటన నొకదానిని చదువును. చదివినదానిని చదివినట్లు ఆచరించును. జాగ్రత్త వెంట జాగ్రత్త పెరిగి, తొలిరాత్రియు చెడును, ఇల్లును చెడును. బాంబు చేయవలసిన పనిని జాగ్రత్తలే చేయును. క్రెతినెత్తి చిత్రములలో ఇది ఉత్తమమని నేను భావింతును. ఆరేండ్ల క్రిందట పలుకుబడిని అక్షరాల నెఱవేర్చిన దేహము ఇప్పుడు ప్రభుత్వపు మాటను అక్షరాల నెఱవేర్చుచున్నది. అభిధకు లొంగుట అప్పుడు కేవలవినోదము; ఇప్పుడది పౌరధర్మమై వచ్చినది. చూచినవారు నవ్వియుందురు, కాని వారి యింటిగోడపైనను అట్టి కాగితమే యుండెను.

అప్పటికి ఇతాలా సంస్థయందు గాలి మాఱియుండెను. పస్త్రోనె 1914లో తీసిన కబీరియా చిత్రమున బర్తొలొమెయో పగానో ధరించిన మచిస్తె యను బలశాలిని ప్రజలు నెత్తిన పెట్టుకొనిరి. 1915లో అతని పేరనే చిత్రము వెలువడెను. జెనోవా రేవున పనిచేసిన మనుష్యుని కండలు గల ఆ దేహమునకును నొప్పి లేదు. కాని కారణము వేఱు. క్రెతినెత్తికి దెబ్బ తగులును, అంటదు. మచిస్తెకు దెబ్బ తగులనే తగులదు. సాగు దేహము పోయి బిగిసిన దేహము వచ్చినది. హాస్యచిత్రముల వరుసలు ఆ సంవత్సరములలోనే సన్నగిల్లుటకు యుద్ధకాలపు ఇబ్బందులు, నిడివిచిత్రముల వ్యాప్తి మొదలగు కారణములు చెప్పుదురు, అవి సత్యములే. వానితోపాటు ఈ రుచిభేదమును లెక్కింపవలెను.

యుద్ధానంతరము, 1921లో, డీడ్ మిలాన్‌లో యంత్రమానవుడను చిత్రమును దర్శకత్వము వహించి తీసెను. అది పూర్తిగ మిగులలేదు. మిగిలిన భాగమున మనుష్యునికంటె పెద్దదైన ఇనుపబొమ్మ యొకటి దుష్టుల యాజ్ఞకు లోబడి తలుపులు విఱుచును, వాహనములను తఱుమును. దానిని ఎదుర్కొనుటకు మఱియొక యంత్రము రాగా, నాటకశాలలో రెండును పెనగులాడును. డీడ్ ఇందు సాల్తరెల్లో యను హాస్యపాత్రను ధరించినాడు. అతడు గెంతును, పాఱును, దాగును. అలవాటైన విద్యలన్నియు చూపును. కాని చూపఱుల కన్నులు అతనిపై నిలువవు. నొప్పి యెఱుగక, చెప్పినదానిని చెప్పినట్లు చేయు దేహము ఇప్పుడు ప్రక్కన ఇనుముతో చేయబడి నిలిచియున్నది, దానికి నవ్వుమొగము లేదు.